రాజమాతకి మూడో మెట్టు చుట్టం

రాజమాత పోయిన సంగతి మా పేటకి పొద్దున్నే తెలిసింది. కడుపునొప్పి అన్నారు. ముందు రోజు ఆమె కొడుకు, అంటే చక్రవర్తి, స్వయంగా పుట్టగొడుగుల పులుసు పంపించాడని కూడా అన్నారు. ఆ రెండు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి చెప్పి, మూడోది చెప్పకుండా ఆగడం మా పేటవాళ్ళకి పద్నాలుగేళ్ళ అలవాటు.

ఆ పద్నాలుగేళ్ళూ దేశాన్ని ఏలింది ఆమే. కొడుక్కి ఎనిమిదేళ్ళప్పుడు సింహాసనం వెనక పూసల తెర కట్టించుకుని కూర్చుంది. కొడుక్కి ఇరవై రెండు వచ్చినా తెర తియ్యలేదు. మంత్రులు అబ్బాయికి దణ్ణం పెట్టి తెరతో మాట్లాడేవాళ్ళు. తెర వెనక దగ్గు వినిపిస్తే ఒక రాష్ట్రానికి అధికారి మారేవాడు. రెండుసార్లు వినిపిస్తే ఆ అధికారికి తల ఉండేది కాదు. ఆమె పెద్దన్న షెన్ జీ ప్రభువయ్యాడు, సైన్యం అతని చేతికి వచ్చింది. మొదటి ఏడాదే ఆమె పాత రాణి వంశం మొత్తాన్ని, రెండు వందల మందిని, పడమటి బజారులో ఒక్క పగట్లో నరికించింది. మా పేటంతా చూడ్డానికి వెళ్ళింది. మా బావ ముందు వరుసలో చాప పరుచుకుని, నువ్వుల రొట్టెలు పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చాక, కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారు గానీ ఏర్పాట్లు బాగున్నాయన్నాడు.

మా బావ పేరు షెన్ కువాన్. ధాన్యం కొట్లో గుమాస్తా. రాజమాత ఇంటిపేరూ షెన్‌నే. ఆ ఇంటిపేరు మా దేశంలో ఎంతమందికి ఉందంటే, సంతలో షెన్ అని పిలిస్తే సగం మంది తిరిగి చూస్తారు. బావ తాతగారి ఊరికీ రాజమాత ఊరికీ మధ్య నాలుగు రోజుల నడక, ఒక నది. బావ ఆ నదిని కొద్దికొద్దిగా తీసేశాడు. మొదట్లో "మాదీ అటువైపే" అనేవాడు. రెండేళ్ళకి తాతలిద్దరూ ఒకే బావి నీళ్ళు తాగారు. ఐదేళ్ళకి రాజమాత అతనికి అక్క వరసైపోయింది. కొట్లో అతని చాప కిటికీ పక్కకి జరిగింది. విందుల్లో బాతు కాలు అతని గిన్నెలో పడేది. మా అక్క బావి దగ్గర వరసలో నిలబడ్డం మానేసింది. రాజమాత తమ్ముడి పెళ్ళాన్ని నీళ్ళకి నిలబెట్టామని రేపు ఎవరైనా అంటారేమోనని పేటలో ఆడవాళ్ళే తప్పుకునేవాళ్ళు.

నా పేరు గోంగ్ యూ. నాది నారబట్టల కొట్టు. చావు బట్టలు తప్ప వేరే కుట్టను. మనిషి పోతే చుట్టరికాన్ని బట్టి ఐదు మెట్లు. మొదటి మెట్టు కొడుకులకి: గోనెలాంటి నార, అంచు మడవకూడదు, మూడేళ్ళు. అక్కణ్ణించి దిగుతున్నకొద్దీ నార సన్నబడుతుంది, రోజులు తగ్గుతాయి. మూడో మెట్టు దగ్గరి దాయాదులకి, తొమ్మిది నెలలు. ఐదోది దూరపు వాళ్ళకి, మూడు నెలలు. ఐదోది కట్టుకుంటే ఒళ్ళు దురద కూడా పెట్టదు.

మూడేళ్ళ కిందట రాజమాత తండ్రి పోయినప్పుడు బావా అక్కా నా కొట్టుకి వచ్చారు.

"ఎదురింటి షెన్‌కి ఏ మెట్టు కుట్టావురా?" అన్నాడు బావ.

"నాలుగు."

"వాడికి నాలుగా? వాళ్ళ తాత పందులు మేపాడు."

"మీ తాత?"

"పందులే. కానీ సొంత పందులు. నాకు మూడు కుట్టు."

"బావా, ఐదు కట్టుకో. ఎవరూ అడగరు, మూడు నెలల్లో తీసి పారేస్తావు."

"ఐదో మెట్టు వాళ్ళని గుడారం బయట నిలబెడతారట. మీ అక్క ఎండకి ఆగదు."

"నా సంగతి వదిలెయ్," అంది అక్క. "ఆడపిల్లలిద్దరు ఉన్నారు. రేపు ఎక్కడికెళ్ళినా ఎదురింటి వాళ్ళకన్నా ఒక మెట్టు తక్కువ అనిపించుకోవాలా?"

ఇద్దరి కొలతలూ తీసుకున్నాను. చివరింటి షెన్, అంటే మద్యం కొట్టతను, ఏకంగా రెండో మెట్టు కుట్టించుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే బావ మొదటి మెట్టు అడుగుతాడని భయం.

శవయాత్ర రోజు రాజమాత పుట్టింటి గుమ్మం దగ్గర ఆచారాల కచేరీ గుమాస్తా కూర్చుని, ఏ ఇంటివాళ్ళు ఏ మెట్టు కట్టారో వెదురు పలకల మీద రాసుకున్నాడు. బావ నేల మీద పడి దొర్లి ఏడ్చాడు. పెద్ద ప్రభువు షెన్ జీ అతని పక్కనించి వెళ్తూ ఒక్కసారి చూశాడు. ఆ చూపు గురించి బావ మూడేళ్ళు మాట్లాడాడు. తొమ్మిది నెలలూ పేటలో మాంసం ముట్టలేదు. నా కొట్టు వెనక గదిలో ముట్టేవాడు.

రాజమాత పోయిన రోజు మధ్యాహ్నానికల్లా చక్రవర్తి ఆజ్ఞ వచ్చింది. అమ్మ మనుషులెవరో వెతకడానికి అబ్బాయి ఏమీ కష్టపడలేదు. ఆ వెదురు పలకలు తెప్పించుకున్నాడు. మొదటి మూడు మెట్లవాళ్ళకి ఇంటిల్లిపాదికీ తలలు తియ్యాలి. నాలుగో మెట్టు వాళ్ళు ఉత్తర సరిహద్దుకి పోవాలి. ఐదో మెట్టు వాళ్ళని వదిలెయ్యాలి.

నేను అక్క ఇంటికి పరిగెత్తాను. నా వెనకే సైనికులు పేట గోడ తలుపులు మూసేశారు. ఎదురింటి షెన్ గొర్రెతోలు కోట్లు అరుగు మీద పరిచి చూసుకుంటున్నాడు. అంతకుముందు మూడేళ్ళు తల దించుకుని తిరిగిన మనిషి, నన్ను చూసి గట్టిగా పలకరించాడు.

"మేము నాలుగండీ," అన్నాడు. "చలి ఎక్కువంటారు కదా అక్కడ, చెవులకి ఏం కట్టుకుంటారో తెలుసా?"

సైనికులు చివరింటి నుంచి మొదలుపెట్టారు. మద్యం కొట్టు షెన్ గుమ్మంలో నిలబడి, ఏదో పొరపాటు జరిగిందని, నార మందం తనకి తెలియక రెండో మెట్టు అయిపోయిందని చెబుతున్నాడు. మాట పూర్తి కాలేదు. తల గుమ్మం బయట పడింది, మొండెం లోపల పడింది. పెళ్ళాం జాడీల మధ్య నుంచి పరిగెత్తబోతే బల్లెం ఆమెలోంచి జాడీలోకి దిగింది. వీధంతా పులిసిన వాసన వచ్చింది. కొడుకులిద్దరూ పెరటి గోడ సగం ఎక్కారు. గోడకి ఇటువైపు కాళ్ళు మిగిలాయి. ముసలితల్లి చాప మీదే కూర్చుని, "లేవాలా నాయనా?" అని అడిగింది. అక్కర్లేదన్నారు. ఆ తర్వాత సైనికులు కాలవలో గొడ్డళ్ళు కడుక్కుని, పలకలో ఆ ఇంటి పేరు గీసేయించి, తరవాత ఎవరని అడిగారు.

మా బావ ఇంట్లో కొత్త అంగీ తొడుక్కుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పిల్లలిద్దరూ అక్క వీపు వెనక ఉన్నారు. పెద్దదానికి పన్నెండు, చిన్నదానికి ఆరు.

"బావా, విను," అన్నాను. "చుట్టాన్ని కాదని చెప్పెయ్. దొంగ నార కట్టినవాడికి ఎడం పాదం తీసేస్తారు. అంతే. ఇంట్లోవాళ్ళ జోలికి రారు. నాకు తెలుసు, ఆ కచేరీతోనే నా వ్యాపారం. వాళ్ళకో పట్టింపు. రాజమాత చుట్టం కానివాడికి రాజమాత చుట్టం చావు దక్కకూడదు."

"పాదమంతానా?"

"మడమతో సహా."

బావ తన ఎడం పాదం వంక చూసుకున్నాడు. వీధిలో ఎవరిదో కేక సగంలో ఆగిపోయింది.

"కాదంటే మరి పేటలో ఏమని చెప్పుకోను?" అన్నాడు.

అక్క అతనివైపు తిరిగింది. "రెండు పాదాలున్నప్పుడు నువ్వెళ్ళిందెక్కడికి? ధాన్యం కొట్టుకి. ఒక పాదంతో కూడా అక్కడిదాకా వెళ్ళొచ్చు. ఈ ఇద్దరికీ తలలు లేకపోతే ఎక్కడికెళ్తారు?"

బావ పిల్లలవైపు చూశాడు. "సరే," అన్నాడు. "చెబుతాను."

సైనికులు వచ్చారు. వాళ్ళ నాయకుడి పేరు వెయి, కుర్రవాడు, మధ్యాహ్నం నుంచి నరికి నరికి చెయ్యి పట్టేసి భుజం తిప్పుకుంటున్నాడు. వెనక ఆచారాల కచేరీ గుమాస్తా, పళ్ళు లేని ముసలాయన, పలకల కట్ట పట్టుకుని ఉన్నాడు. బావ మోకాళ్ళ మీద పడి, తాను రాజమాతకి ఏమీ కానని, బడాయికి పోయి నార కట్టానని చెప్పాడు.

"మధ్యాహ్నం నుంచి అందరూ ఇదే మాట," అన్నాడు వెయి. "సాక్షి ఎవరు?"

పక్కింటి దిన్ పిన్నమ్మని పిలిచారు. ఆమెకి డెబ్బై ఏళ్ళు. ఈ రోజు కోసం ఆమె పద్నాలుగేళ్ళు ఆగింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, పరిగెత్తుకుంటూ వచ్చింది.

"వీడా అయ్యా? రాజమాతకా?" అని అరుగు మీద సర్దుకుని కూర్చుంది. "వీళ్ళ నాన్న మా ఆయన దగ్గర బండి తోలాడు."

"తోలలేదు," అన్నాడు బావ. "బండ్ల పని చూసుకున్నాడు."

అక్క అతన్ని మోచేత్తో పొడిచింది.

"వాళ్ళ ఊరు నదికి ఇవతల. రాజమాతది అవతల. వీళ్ళ వంశంలో ఒక్కడు కూడా ఆ నది దాటలేదు. దాటడానికి వీళ్ళకి పడవెక్కడిది? పెళ్ళిలో వీడు తొడుక్కున్న పట్టు అంగీ మా ఆయనది."

"అది నాకు ఇచ్చేశారు పిన్నీ."

"ఇవ్వలేదు, నువ్వు తిరిగివ్వలేదు. ఇంకా వినండయ్యా. కొత్త సంవత్సరానికి రాజమాత ఇంట్లో పెట్టారని చేప పట్టుకొచ్చి వీధంతా చూపించేవాడు. చేపల బజారులో నా వెనకాలే నిలబడి తీసుకున్నాడు ఆ చేపని."

"ఒక్క ఏడాది," అన్నాడు బావ. ముఖం ఎర్రబడింది. "మిగతా ఏళ్ళు నిజంగానే..."

అక్క అతని నోటి మీద చెయ్యి వేసింది. గొడ్డలి తుడుచుకుంటున్న సైనికుడొకడు నవ్వాడు.

"చుట్టమో కాదో ముందు మీరు తేల్చుకోండి నాయనా," అన్నాడు గుమాస్తా. "మాకింకా పదకొండు ఇళ్ళున్నాయి."

"కాదు," అన్నాడు బావ అక్క వేళ్ళ మధ్య నుంచి.

గుమాస్తా పలక కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "సాక్ష్యం బాగానే ఉంది. కానీ ఆ రోజు గుమ్మం దగ్గర కూర్చున్నది నేనేనయ్యా. మూడో మెట్టులో నీ అంత ఏడ్చినవాడు లేడు. చుట్టం కానివాడు అంతలా ఏడుస్తాడా? నాకు అనుమానంగా ఉంది. పెద్ద ప్రభువు ఇంకా బతికే ఉన్నాడు. ఆయన్నే అడుగుదాం."

బావనీ అక్కనీ పిల్లల్నీ ఒకే తాడుకి కట్టి పడమటి బజారుకి నడిపించారు. నేను పక్కనే నడిచాను. నన్నెవరూ కట్టలేదు. భార్య పుట్టింటివాళ్ళు ఏ మెట్టులోనూ లేరు.

బజారులో మాంసం కొట్టేవాళ్ళ మొద్దులు తెచ్చి వరసగా వేశారు. మధ్యాహ్నం నుంచి పని ఆగలేదు. నేల అంటుకుంటోంది, అడుగు తీస్తుంటే చెప్పులు మిగిలిపోతున్నాయి. తలలు ఒకవైపు, మొండాలు ఒకవైపు పేర్చారు. మొదట జత కలిపి పెడదామనుకున్నారట గానీ వీలు కాలేదట. చిన్నదాని కళ్ళు మూద్దామని అక్క చూసింది, చేతులు కట్టేసి ఉన్నాయి. నేను మూశాను.

షెన్ జీ చివరి మొద్దు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. పద్నాలుగేళ్ళు సైన్యాన్ని నడిపిన మనిషి. రెండు చేతులూ మోచేతి దగ్గర విరిచేశారు, ఒక చెవి లేదు. మధ్యాహ్నం నుంచి అతని ముందుకి తెచ్చిన ప్రతి చుట్టమూ ఈయనెవరో తెలీదన్నాడట. సొంత తమ్ముడి కొడుకు, తాను ఆ ఇంట్లో వంటవాణ్ణని చెప్పి, నిరూపించడానికి ఉల్లికాడలు తెమ్మన్నాడట. తెచ్చేలోపే నరికేశారు.

"ప్రభూ," అన్నాడు గుమాస్తా. మోకాళ్ళ మీద ఉన్నా ప్రభువు ప్రభువే. "ఈ షెన్ కువాన్ మీకేమవుతాడు?"

షెన్ జీ తలెత్తాడు. వాచిన కళ్ళలో ఒకటే తెరుచుకుంది. బావని కిందనించి పైదాకా చూశాడు.

"మా నాన్న శవం ముందు దొర్లి ఏడ్చాడు వీడు," అన్నాడు. "నా తోడబుట్టినవాళ్ళు కూడా అంత ఏడవలేదు. తమ్ముడూ, ఇంత ఆలస్యమయిందేం?"

పగ పట్టి అన్నాడో, ఒక్కడే చావడానికి మనసొప్పక అన్నాడో నాకు తెలీదు. నేను బావ ముఖం చూశాను. పద్నాలుగేళ్ళుగా ఆ నోటి నుంచి ఆ మాట వస్తుందని కలలు కన్న మనిషి. నడుం దానంతటదే వంగబోయింది. అన్నకి తమ్ముడు పెట్టే దణ్ణం ఒకటుంది, చేతులు కళ్ళదాకా వస్తాయి. చేతులు గుండెదాకా వచ్చాయి. తాడు అవతలి కొసన ఉన్న అక్క ఒక్క గుంజు గుంజింది. బావ తూలి నిలబడ్డాడు.

"ఆయనెవరో నాకు తెలీదండీ," అన్నాడు.

"ఆయనకి తెలుసంటున్నాడే," అన్నాడు వెయి. అప్పటికే గొడ్డలి ఎత్తాడు.

"ఆగు," అన్నాడు గుమాస్తా. "దీనికో పద్ధతుంది. అన్న వరసవాణ్ణి చంపిన తమ్ముడికి చచ్చాక పిండం పెట్టేవాడుండడు, సమాధి ఉండదు. అసలైన షెన్ ఎవడూ ఆ పని చెయ్యడు. వీడి చేతికి గొడ్డలివ్వు. నరికితే చుట్టం కాదు. మధ్యలో ఆపితే చుట్టం."

మా బావ అప్పటిదాకా కోడిని కూడా కొయ్యలేదు. పండగలకి అక్కే కోసేది, అతను పెరట్లో నిలబడి ఎలా కొయ్యాలో చెప్పేవాడు.

తాడు విప్పి గొడ్డలి చేతిలో పెట్టారు. పిల్లలిద్దరినీ పక్క మొద్దు దగ్గర కూర్చోబెట్టారు, ఆపితే మళ్ళీ నడిపించుకు రానక్కర్లేదని. పెద్దది చెల్లెల్ని ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ తండ్రివైపే చూస్తున్నారు.

బావ కళ్ళు మూసుకుని మొదటి దెబ్బ వేశాడు. భుజంలో దిగింది. ఎముక చప్పుడు బజారు అంతా వినిపించింది.

"అక్కడ కాదు తమ్ముడూ," అన్నాడు షెన్ జీ.

వెయి గుమాస్తా వంక చూశాడు. "చూశారా, మళ్ళీ తమ్ముడంటున్నాడు."

"అననీ. వీడు ఆపాడా?"

గొడ్డలి ఊడి రాలేదు. బావ ప్రభువు వీపు మీద కాలు పెట్టి లాగాల్సి వచ్చింది. కాలు పెట్టేముందు అలవాటు కొద్దీ చెప్పు విడిచాడు. రెండో దెబ్బ దవడని చీల్చింది. పళ్ళు రాలాయి. ఆ నోటితో కూడా షెన్ జీ మాట్లాడాడు. "కాళ్ళు ఎడంగా పెట్టు తమ్ముడూ."

బావ కాళ్ళు ఎడంగా పెట్టాడు. ఏడుస్తున్నాడు. శవయాత్రలో ఏడ్చినట్టు కాదు, చప్పుడు లేదు. ముక్కులోంచి కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఏడుస్తున్నాడు," అన్నాడు వెయి.

"ఏడవడం ఆపడం కిందకి రాదు," అన్నాడు గుమాస్తా.

మూడో దెబ్బ మొద్దుకి తగిలింది. బావ గొడ్డలి కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఊపిరి తీసుకున్నాడు. గుమాస్తా పలక మీద కుంచె ఆనించాడు. వెయి పెద్దదాని జుట్టు పట్టుకుని మెడ వంచాడు.

"నువ్వు ఏడిస్తే నీకు మెడ కనిపించదు తమ్ముడూ," అన్నాడు షెన్ జీ. మాటలు నీళ్ళలోంచి వస్తున్నట్టు వచ్చాయి.

"కువాన్," అంది అక్క. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం నేను అప్పుడే విన్నాను. "ఎత్తు."

ఎత్తాడు. నాలుగోది మెడ మీదే పడింది, సగందాకా వెళ్ళింది. నెత్తురు బావ ముఖం మీదకి చిమ్మింది. "తమ్ముడూ, త్వరగా," అన్నాడు షెన్ జీ. అదే అతను పైకి అన్న ఆఖరి మాట. ఐదో దెబ్బకి తల పక్కకి వాలింది, తోలు పట్టుకుని వేలాడింది. నేను ఇవతల నిలబడ్డాను కాబట్టి చూశాను. పెదవులు ఇంకోసారి కదిలాయి, చప్పుడు రాలేదు. బావ ఒంగి ఆ పెదవుల్నే చూస్తూ, ఆ తోలుని గొడ్డలి అంచుతో రంపంలా కోసేశాడు.

తల బురదలో పడ్డాక కూడా ఆపలేదు. ఖాళీ మొద్దుని రెండుసార్లు కొట్టాడు. సైనికుడు వచ్చి గొడ్డలి లాక్కున్నాడు.

"చుట్టం కాదు," అన్నాడు గుమాస్తా. మూడో మెట్టు పలకలోంచి షెన్ కువాన్ పేరు గీసేసి, ఇంకో పలక తీసి దొంగ నార కట్టినవాళ్ళలో రాసుకున్నాడు. వెయి పెద్దదాని జుట్టు వదిలేశాడు. చేతికి అంటిన జుట్టు నూనె అంగీకి తుడుచుకున్నాడు.

ఎడం పాదం అక్కడే తీశారు. దానికి ఒక్క దెబ్బ చాలింది. వెయికి అలవాటైన పని. బావ కేక వెయ్యలేదు. అతని చూపు బురదలో ఉన్న తలవైపే ఉంది. కాల్చిన ఇనుము పెట్టినప్పుడు మాత్రం ఒళ్ళంతా విల్లులా వంగింది.

మాంసం కొట్టువాణ్ణి అడిగి ఒక తోపుడు బండి తీసుకున్నాను. బావని పడుకోబెట్టాం. పిల్లలు చెరో పక్కా బండి అంచు పట్టుకుని నడిచారు. వెనక బజారులో పని సాగుతోంది, మొద్దు చప్పుళ్ళు వినిపిస్తూనే ఉన్నాయి.

వంతెన మీద అక్క తన పైబట్ట చింపి అతని కాలికి కట్టింది. కట్టు వెంటనే తడిసిపోయింది. ఇంకో పీలిక చింపింది.

"ఐదుసార్లు పిలిచాడు నిన్ను, తమ్ముడూ అని," అంది.

బావ కళ్ళు తెరవలేదు.

"ఆరు," అన్నాడు.

అక్క కట్టు బిగించి, బండి తొందరగా తొయ్యమంది నాతో.